పాచికలు ఎవరివి?



ఈమారు నా టపా ఛందస్సును గురించి కాదు, పాత నిఘంటువులను గురించీ కాదు, ధనాన్ని గురించి. తెలుగు పండితుడికి విదేశమారక ద్రవ్యపు బేరాలతో పనేమిటని మీరు అడుగవచ్చును. నేనూ అలాగే అనుకొనేవాడిని, నిరుడు వేసవిలో నా పూర్వవిద్యార్థి ఒకడు మా అరుగు మీద కూర్చుని తన ఫోను నా చేతిలో పెట్టేదాకా.

అతడికి తొమ్మిదవ తరగతిలో సమాసాలు చెప్పినాను. ఇప్పుడు నలభై ఏండ్లవాడు. ప్రైవేటు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. ఫోను తెర మీద యూరో, డాలరు, బంగారం, ముడిచమురు ధరలు ఎరుపు, ఆకుపచ్చ రంగులలో క్షణక్షణం మారుతున్నవి. ఏదో విదేశీ కంపెనీ వారి యాప్ అది. నలభై వేలు పెట్టినాడట. పది రోజులలో అరవై వేలైనట్లు తెర చూపుతున్నది. పరీక్షగా ఐదు వేలు వెనక్కు అడిగితే మరునాటికే బ్యాంకులో పడినవట.

"మాస్టారూ, ఈ కంపెనీ మంచిదో కాదో మీరొకసారి చూచి చెప్పండి. ఒప్పందపత్రం నలభై పేజీలున్నది. నాకు ఓపిక లేదు. మీరైతే అక్షరం వదలకుండా చదువుతారు" అన్నాడు.

"సరే నాయనా, కొంచెం వ్యవధి ఇవ్వు" అన్నాను. నిఘంటువు పక్కన పెట్టుకొని మూడు రోజులు చదివినాను. పదకొండవ పుటలో ఒక వాక్యం నన్ను ఆపివేసినది. దాని భావం ఇది: వినియోగదారుడు చేసే ప్రతి బేరంలోను కంపెనీ అతడి ప్రతినిధి కాదు, అవతలి పక్షం కంపెనీయే. ముప్పై ఏండ్లపాటు పిల్లలకు "వాక్యంలో కర్త ఎవరు?" అని అడిగినవాడిని కదా, ఆ వాక్యం దగ్గర నా చదువు నాకు పనికి వచ్చినది. మా అబ్బాయి యూరో కొన్నానని అనుకొంటున్నాడు. అమ్మినవాడు ఎవడు? ఆ కంపెనీ. ధర చెప్పినవాడు? ఆ కంపెనీ. అతడు ఓడిపోతే ఆ సొమ్ము ఎవరికి? ఆ కంపెనీకే.

అక్కడినుండి ఈ వ్యాపారపు పుట్టుపూర్వోత్తరాలు వెదకటం మొదలుపెట్టినాను. నేను తెలుసుకొన్నది మీతో పంచుకోవాలనే ఈ టపా.

మనకు తెలిసిన కథతోనే ఆరంభిస్తాను. సభాపర్వంలోని ద్యూతఘట్టాన్ని నన్నయగారి తెలుగులో చదవనివారు మనలో తక్కువ. అక్కడ పందెం ఒడ్డేవాడు దుర్యోధనుడు, ఆడేవాడు శకుని. ఒకరి కోసం మరొకరు ఆడటమేమిటని ధర్మరాజుకు అనుమానం కలిగినది, అడిగినాడు కూడా. అడిగి కూడా కూర్చున్నాడు. అందరూ ధర్మరాజు వ్యసనాన్ని గురించి చెపుతారు గాని, నాకు ఆ అనుమానమే ముఖ్యమనిపిస్తుంది. అవతల ఎవరు ఆడుతున్నారన్న ప్రశ్న సరైన ప్రశ్న. జవాబు వినిపించుకోకపోవటమే దోషం.

కౌటిల్యుడు ఈ సంగతిని పాలకుని కంటితో చూచినాడు. అర్థశాస్త్రం మూడవ అధికరణంలో ద్యూతాధ్యక్షుడనే ఉద్యోగి కనిపిస్తాడు. జూదం ఒకే చోట జరగాలి. మరొకచోట ఆడితే పన్నెండు పణాల దండన. గవ్వలు, పాచికలు అధ్యక్షుడే ఇవ్వాలి. వాటిని మార్చివేసినవాడికి శిక్ష. గెలిచిన సొమ్ములో నూటికి ఐదు వంతులు అధ్యక్షుడు తీసుకొంటాడు. ఇందులోని మెలకువను గమనించండి. పాచికలు ఇచ్చేవాడు ఆడడు. ఎవరు గెలిచినా అతడికి వచ్చే వాటా ఒక్కటే. కాబట్టి ఒకడు ఓడిపోవటం వలన అతడికి ప్రత్యేకంగా ఒరిగేది లేదు. ఆటగాడు వేరు, పాచికలవాడు వేరు అన్న ఈ విభజనను ఆధునిక లోకం మళ్ళీ కనిపెట్టటానికి చాలా నష్టపోవలసి వచ్చినది.

ఇక సీమకు పోదాం. ఈ రోజున సి.ఎఫ్.డి. అని పిలిచేదానిని నేను తెలుగులో "తేడా బేరం" అంటాను. సరుకు చేతులు మారదు. నేడు ధర ఇంత, రేపు ఇంత. ఆ తేడాను ఒకరు మరొకరికి చెల్లించటమే బేరం. ఇది కంప్యూటర్ల కాలంలో పుట్టినదని చాలామంది అనుకొంటారు. కాదు. 1845లో ఇంగ్లండు గేమింగ్ చట్టం పందెపు ఒప్పందాలు చెల్లవని, వాటి మీద కోర్టులో దావా నడవదని శాసించినది. 1851లోనే గ్రైజ్‌వుడ్, బ్లేన్ అనే వారి వ్యాజ్యంలో ప్రశ్న వచ్చినది: వాటాలు ఇచ్చిపుచ్చుకొనే ఉద్దేశం ఇద్దరికీ లేక, ధరల తేడా మాత్రమే చెల్లించుకోదలిస్తే అది వ్యాపారమా, పందెమా? పందెమేనని తేలినది.

1896లో అదే ప్రశ్న ప్రభువుల సభ దాకా పోయినది. యూనివర్సల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ అనే కంపెనీ ఉండేది. పేరు చూచి మోసపోకండి, అది ఎక్స్ఛేంజి కాదు. లండను ఎక్స్ఛేంజికి వెలుపల ప్రకటనలు వేసి బేరాలు పట్టే దుకాణం. స్ట్రాకన్ అనే వినియోగదారుడు పూచీగా పెట్టిన పత్రాలను తిరిగి ఇమ్మని దావా వేసినాడు. కోరితే వాటాలు అప్పగిస్తామని ఒప్పందంలో షరతు వ్రాసే ఉన్నది. అయినా ఆ షరతు కాగితానికే పరిమితమని, అసలు జరిగినది తేడాల మీద పందెమేనని తీర్పు వచ్చినది. కాగితం మీది మాటకూ మనసులోని ఉద్దేశానికీ భేదం ఉంటే ఉద్దేశాన్నే చూడాలని ఆ న్యాయమూర్తులు గ్రహించినారు. తాత్పర్యం చెప్పటమంటే అదే కదా!

ఆ దినాలలోనే అట్లాంటిక్ ఆవల ఈ దుకాణాలు వందలుగా వెలిసినవి. 1867లో ధరలను తంతి ద్వారా కాగితపు పట్టీ మీద అచ్చువేసే యంత్రం వచ్చినది. దానితో న్యూయార్క్ ధర క్షణాలలో ఊరూరికీ తెలిసేది. 1870ల చివరినుండి అమెరికా పట్టణాలలో "బకెట్ షాపు"లనే గదులు తెరుచుకొన్నవి. గోడకు నల్లబల్ల, ధరలు సుద్దతో వ్రాసే కుర్రవాడు, ఎదురుగా కుర్చీలు, ఒక కిటికీ. నూరు డాలర్ల వాటాను ఒక్క డాలరు కట్టి కొన్నట్లు చీటీ వ్రాయించుకోవచ్చును. ధర ఒక్క డాలరు పడితే కట్టినది పోతుంది. చీటీ మీద కొన్నట్లు ఉంటుందే గాని, ఆ కొనుగోలు ఏనాడూ ఎక్స్ఛేంజికి పోదు, దుకాణంలోనే ఉండిపోతుంది. అవతలి పక్షం దుకాణదారుడే.

పెద్ద ఎక్స్ఛేంజీలో నూరు వాటాలకు తక్కువ కొనలేని గుమాస్తాలు, కూలీలు, చిరువ్యాపారులు ఇక్కడకు వచ్చేవారు. పేదవాడికి కూడా వాల్ స్ట్రీట్ తలుపులు తెరిచామని దుకాణదారులు చెప్పుకొనేవారు. ఈ మాట ఎక్కడో విన్నట్లున్నదా? నా విద్యార్థి చూపిన యాప్ మొదటి తెర మీద ఉన్నది కూడా ఇంచుమించు ఇదే.

జెస్సీ లివర్‌మోర్ అనే ప్రసిద్ధ వర్తకుడి జీవితం ఆధారంగా ఎడ్విన్ లెఫేవర్ 1923లో ఒక పుస్తకం వ్రాసినాడు. 1877లో పుట్టిన లివర్‌మోర్ బాల్యంలో బోస్టనులో నల్లబల్ల మీద ధరలు వ్రాసే కుర్రవాడు. అంకెల పోకడ పసిగట్టి బకెట్ షాపులలో గెలవటం మొదలుపెట్టినాడు. ఏమైనది? దుకాణాలు అతడిని రానివ్వటం మానివేసినవి. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. నిజమైన దళారికి గెలిచే ఖాతాదారుడు వరం. ఎక్కువ బేరాలు చేస్తాడు, ఎక్కువ రుసుము ఇస్తాడు. గెలిచేవాడిని వెళ్ళగొట్టే అవసరం ఎవరికి? అతడి గెలుపును తన పెట్టెలోనుండి చెల్లించేవాడికి మాత్రమే.

ఆ పుస్తకంలోనే మరొక తంత్రం కనిపిస్తుంది. ఒక వాటాను ఎక్కువమంది ఖాతాదారులు కొని ఉన్నట్లు చీటీలను బట్టి దుకాణదారుడికి తెలుసు. అతడు అసలు ఎక్స్ఛేంజీలో తన మనిషి చేత ఆ వాటాను కొంచెం అమ్మించి ధరను క్షణకాలం పడవేస్తాడు. ఆ క్షణంలో వందల మంది కట్టిన ఒక్కొక్క డాలరూ హరించుకుపోతుంది. తరువాత ధర మళ్ళీ లేస్తుంది. పోయిన డాలరు మాత్రం రాదు. అమ్మకానికి అయిన నష్టం స్వల్పం, వచ్చిన లాభం అపారం.

ఈ దుకాణాల మీద చికాగో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ యుద్ధం ప్రకటించినది. తన ధరలను వాడుకోరాదని కాన్సాస్ సిటీకి చెందిన క్రిస్టీ కంపెనీ మీద పోరాడినది. క్రిస్టీ పక్షం వాదన పదునైనది: మీ బోర్డులో మాత్రం గోధుమలు నిజంగా చేతులు మారుతున్నవా? అక్కడా అత్యధిక భాగం తేడాలు చెల్లించుకొని ముగిస్తున్నవే కదా! మీరు పెద్ద బకెట్ షాపు, మేము చిన్న బకెట్ షాపు. 1905 మే నెలలో అమెరికా సుప్రీం కోర్టు తరఫున జస్టిస్ హోమ్స్ జవాబు చెప్పినాడు. బోర్డులో ప్రతి బేరం వెనుక అప్పగింత బాధ్యత చట్టబద్ధంగా ఉన్నది. ఎదురుబేరంతో ఆ బాధ్యతను సరిపెట్టుకోవటం చెల్లింపుతో సమానమే. ధరల సమాచారం బోర్డు సొత్తు. మరి మూడేండ్లకు, 1908లో, న్యూయార్క్ రాష్ట్రం బకెట్ షాపులను నేరంగా ప్రకటించినది.

నాకు తోచిన భేదం ఇంకా సులువైనది. ఎక్స్ఛేంజీలో ఒక ఆటగాడికి ఎదురుగా మరొక ఆటగాడు ఉంటాడు. ఇల్లు రుసుము తీసుకొంటుంది. బకెట్ షాపులో ఆటగాడికి ఎదురుగా ఇల్లే కూర్చుంటుంది. కౌటిల్యుడి ద్యూతాధ్యక్షుడికీ శకునికీ ఉన్న భేదమే ఇది.

మన దేశంలో 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ పందెపు ఒప్పందాలు చెల్లవని చెప్పినది. చెల్లకపోవటం వేరు, నేరం కావటం వేరు. ఈ సూక్ష్మాన్ని విడదీసి చెప్పినవారు మన తెలుగువారే కావటం నాకు సంతోషం కలిగించినది. రాజమహేంద్రవరంలో పుట్టి, తరువాత 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావుగారు 1959లో ఘేరూలాల్ పరఖ్ కేసులో సుప్రీం కోర్టు తీర్పు వ్రాసినారు. రెండు కుటుంబాలవారు భాగస్వాములై హాపూరు వర్తకులతో గోధుమ ధరల మీద పందెపు బేరాలు చేసినారు. నష్టం వచ్చినది. ఒకరు మొత్తం చెల్లించి రెండవవారిని సగం ఇమ్మన్నారు. ఇది జూదం కనుక ఇవ్వనని రెండవవారు అడ్డం తిరిగినారు. పందెం చెల్లదే గాని చట్టవిరుద్ధం కాదు. కాబట్టి భాగస్వామ్యం నిలుస్తుంది, సగం నష్టం భరించవలసిందే అని తీర్పు. ఆ తీర్పులో సుబ్బారావుగారు ధర్మశాస్త్రాలను కూడా ప్రస్తావించి, జూదం మీది ఆ నైతిక నిషేధాలు ఆచరణలో అమలు కాక మరుగున పడినవని అన్నారు. పండితులకు చేదుగా ఉన్నా మాట నిజం.

బకెట్ షాపుకు మన వ్యాపారులు పెట్టిన పేరు "డబ్బా". అక్కడ బకెట్, ఇక్కడ డబ్బా. రెండూ పాత్రలే, వేసినది బయటకు పోకుండా లోపలే ఉంచుకొనేవే. ఎక్స్ఛేంజికి పోకుండా దళారి తన చీటీల మీదనే నడిపే ఈ డబ్బా బేరం మన దేశంలో చట్టవిరుద్ధం. అయినా అప్పుడప్పుడు పట్టుబడుతూనే ఉన్నది.

ఇక మూలకథ నేటి రూపు ధరించిన తీరు. 1944లో బ్రెటన్ వుడ్స్ ఏర్పాటు ప్రకారం దేశాల నాణేల మారకపు విలువలు ఇంచుమించు స్థిరంగా ఉండేవి. 1971 ఆగస్టు 15న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ డాలరుకు బంగారంతో ఉన్న ముడి తెంపినాడు. 1973 నాటికి ప్రధాన నాణేల ధరలు నీటి మీద పడవలవలె ఊగటం ఆరంభించినవి. ఊగేది ఏదైనా పందేనికి పనికివస్తుంది. 1974లో లండనులో స్టూవర్ట్ వీలర్ అనే ఆయన ఐజీ ఇండెక్స్ స్థాపించి, బంగారం కొనటం కష్టంగా ఉన్న ఆంక్షల కాలంలో బంగారపు ధర మీద పందెం కాసే వీలు కల్పించినాడు.

తరువాత జరిగినదే ఈ చరిత్రలో మలుపు అని నా అభిప్రాయం. 1986 నాటి ఆర్థిక సేవల చట్టం 63వ సెక్షన్ ద్వారా బ్రిటన్ ఇటువంటి తేడా ఒప్పందాలను 1845 నాటి నిషేధం నుండి తప్పించినది. 1991లో సిటీ ఇండెక్స్ అనే కంపెనీ ఖాతాదారుడు ఒకడు, ఇది పందెం కనుక నేను ఓడిన సొమ్ము ఇవ్వనన్నాడు. అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు, ఇవ్వవలసిందే. 1851లో కోర్టు చెల్లదన్న బేరం నూట నలభై ఏండ్లకు కోర్టు వసూలు చేసిపెట్టే బేరమైనది. బేరం మారలేదు, దాని మీద చట్టపు మాట మారినది. 1990ల తొలినాళ్ళలో లండనులో పెద్ద మదుపు సంస్థలు వాటాల బదిలీ మీద ఉన్న అర శాతం స్టాంపు సుంకం తప్పించుకోవటానికి ఈ తేడా బేరాలను వాడుకొన్నవి. ఆ దశకం చివరికి అవి సామాన్యుల చేతికి వచ్చినవి. 2005లో మెటాట్రేడర్ 4 అనే సాఫ్ట్‌వేర్ వచ్చినది. దానితో నల్లబల్ల, సుద్దముక్క, కిటికీ అన్నీ ఒక తెరలో ఇమిడిపోయి, కొద్దిపాటి పెట్టుబడితో ఎవరైనా దుకాణం తెరవగల స్థితి ఏర్పడినది.

అవతలి పక్షంగా నిలిచినంత మాత్రాన ప్రతివాడూ మోసగాడని నేను అనను. విమానాశ్రయంలో నోట్లు మార్చేవాడు కూడా తానే కొని తానే అమ్ముతాడు. సమస్య అప్పుతో కలిసినప్పుడు వస్తుంది. లెక్క చూడండి. నా విద్యార్థికి ఆ కంపెనీ ఇచ్చిన పరపతి ఒకటికి ఐదు వందల రెట్లు. పది వేల రూపాయలతో యాభై లక్షల బేరం చేయవచ్చును. యూరో ధర నూటికి ఇరవై పైసలు ఎదురు తిరిగితే పది వేలూ పోయినట్లే. యూరో ఒక్క పూటలో అంతకంటె ఎక్కువ కదిలే రోజులు కొల్లలు. పైగా కొనుగోలు ధర 1.1001, అమ్మకపు ధర 1.1000 అనుకొందాం. కంటికి ఆనని ఈ భేదమే యాభై లక్షల మీద సుమారు 450 రూపాయలు. అంటే బేరంలో అడుగుపెట్టిన మరుక్షణమే పెట్టుబడిలో నూటికి నాలుగున్నర వంతులు పోయినవి. దినానికి నాలుగు బేరాలు చేసేవాడికి ఇక జోస్యం ఎంత తెలిస్తే ఏం లాభం? అందుకే కొన్ని కంపెనీలు ఖాతాదారులను రెండు చిట్టాలుగా విడదీస్తాయి. ఓడేవారి బేరాలు తమ దగ్గరే ఉంచుకొంటాయి; గెలిచేవారివి బయటి సంతకు పంపుతాయి. లివర్‌మోర్‌ను గుమ్మంలో ఆపిన పద్ధతికి ఇది మర్యాద నేర్చిన రూపం.

లైసెన్సు ఉన్నది కదా అంటారా? పెద్ద దేశాల లైసెన్సు కూడా కవచం కాని సందర్భాలు ఉన్నవి. అమెరికాలో పెరెగ్రిన్ ఫైనాన్షియల్ గ్రూప్ అధిపతి రసెల్ వాసెండార్ఫ్ ఇంచుమించు ఇరవై ఏండ్లు బ్యాంకు పత్రాలను ఫోర్జరీ చేసి ఖాతాదారుల సొమ్ము 20 కోట్ల డాలర్లకు పైగా కాజేసినాడు. 2012లో, బ్యాంకునుండి నేరుగా ఎలక్ట్రానిక్ పద్ధతిలో నిర్ధారణ తీసుకొనే ఏర్పాటు వచ్చినప్పుడే బయటపడినది. మరుసటి ఏడు 50 ఏండ్ల శిక్ష పడినది. 2015 జనవరి 15న స్విట్జర్లాండు కేంద్ర బ్యాంకు, యూరోకు 1.20 ఫ్రాంకుల కనీస ధరను నిలబెడతామన్న మాటను హఠాత్తుగా విరమించుకొన్నది. నిమిషాలలో ఫ్రాంకు ఎగసిపోయినది. అల్పారీ సంస్థ బ్రిటన్ శాఖ దివాలా తీసినది. ఎఫ్.ఎక్స్.సి.ఎం. సంస్థకు ఖాతాదారులు బాకీ పడిన సొమ్ము 22.5 కోట్ల డాలర్లు. 30 కోట్ల అప్పుతో గట్టెక్కినది. అదే సంస్థను 2017 ఫిబ్రవరిలో అమెరికా నియంత్రణ సంస్థ 70 లక్షల డాలర్ల జరిమానాతో ఆ దేశపు వ్యాపారం నుండి తప్పించినది. ఎందుకు? ఖాతాదారుల బేరాలకు ఎదురు నిలిచే సంస్థతో తనకు ఉన్న సంబంధాన్ని దాచి, తమకు ఏ స్వప్రయోజనమూ లేదని చెప్పుకొన్నందుకు. అంటే జరిమానా పడినది శకుని ఆడినందుకు కాదు, ఆడుతున్నది శకుని అని చెప్పనందుకు.

ఈ అనుభవాల తరువాత 2018లో ఐరోపా పర్యవేక్షణ సంస్థ ఎస్మా కట్టుదిట్టాలు చేసినది. వివిధ దేశాల నియంత్రణ సంస్థల పరిశీలనలో చిన్న ఖాతాలలో నూటికి 74 నుండి 89 దాకా నష్టపోతున్నట్లు తేలినదని ప్రకటించినది. ఆ ఏడు ఆగస్టు 1 నుండి పరపతి ముప్పై రెట్లకు మించరాదు. ఖాతాదారుడు కట్టినదానికంటె ఎక్కువ బాకీ పడరాదు. బోనసుల ఎర వేయరాదు. నష్టపోయేవారి శాతాన్ని ప్రకటనలోనే చూపాలి. 2019 నాటికి ఆయా దేశాలు వీటిని తమ శాశ్వత నిబంధనలుగా చేసుకొన్నవి. అమెరికాలోనైతే సామాన్యులకు తేడా బేరాలు అమ్మటమే నిషిద్ధం.

కట్టు బిగిసినచోట నీరు పక్కకు తిరుగుతుంది. ఐదు వందల రెట్ల పరపతి, బోనసులు ఇవ్వదలచినవారు వనువాటు, సేషెల్స్, సెయింట్ విన్సెంట్ వంటి చిన్న ద్వీపదేశాల చిరునామాలకు చేరుకొన్నారు. సెయింట్ విన్సెంట్ పర్యవేక్షణ సంస్థ అయితే తాము ఫారెక్స్ వ్యాపారానికి లైసెన్సు ఇవ్వమని తామే బహిరంగంగా ప్రకటించినది. అక్కడ కంపెనీ పేరు నమోదైనదంటే జనన ధ్రువపత్రం ఉన్నట్లే గాని, సచ్చీలతా పత్రం ఉన్నట్లు కాదు. మరొక చిక్కు ఉన్నది. ఒకే పేరు మీద లండనులో ఒక కంపెనీ, సైప్రస్‌లో ఒకటి, ద్వీపంలో ఇంకొకటి ఉంటాయి. ప్రకటనలో లండను లైసెన్సు మెరుస్తుంది. ఒప్పందంలో మాత్రం మనవాడి పేరు ద్వీపపు కంపెనీతో ముడిపడి ఉంటుంది. నా విద్యార్థి ఒప్పందంలో జరిగినదీ ఇదే.

మన దేశం మాటకు వస్తే, 1999 నాటి ఫెమా చట్టం ప్రకారం ఇక్కడ నివసించేవారు విదేశమారక బేరాలు అధీకృత వ్యక్తులతోనే, అనుమతించిన ప్రయోజనాలకే చేయాలి. ఎలక్ట్రానిక్ పద్ధతిలోనైతే రిజర్వు బ్యాంకు అనుమతించిన వేదికల మీద, లేదా గుర్తింపు పొందిన ఎక్స్ఛేంజీలలోనే చేయాలి. విదేశీ కంపెనీకి మార్జిను కట్టటానికి సొమ్ము పంపరాదు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు అనుమతి లేని 34 పేర్లతో హెచ్చరిక జాబితా ప్రకటించినది. తరువాత అది పెరుగుతూ వచ్చినది. జాబితాలో పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్లు కాదని కూడా వారే చెప్పినారు. కాబట్టి మన ఊళ్ళో కూర్చుని ఆ ద్వీపపు కంపెనీ మంచిదా చెడ్డదా అని తూచటానికి ముందే తక్కెడ చట్టం చేతికి పోయినది.

మరి ఇతర దేశాలలో, ఈ వ్యాపారం చట్టబద్ధమైనచోట ఉన్న మన తెలుగు పిల్లల మాటేమిటి? ఈ చరిత్ర నాకు నేర్పిన ప్రశ్నలు నాలుగు. అవతలి పక్షం ఎవరు? ధర చెప్పేది ఎవరు, ఆ ధరను మరొకచోట సరిచూడగలమా? సొమ్ము ఎవరి పేరిట, ఏ బ్యాంకులో ఉంటుంది, ఆ సంగతి బ్యాంకును నేరుగా అడిగే అధికారి ఉన్నాడా? తగవు వస్తే ఏ దేశపు న్యాయస్థానం, నేను అక్కడికి పోగలనా? ఈ నాలుగింటిలో మొదటిదానికి ఒప్పందం మొదటి పుటలలోనే జవాబు దొరుకుతుంది. తక్కినవి దాని వెంట వస్తాయి. యాప్ అందం, సొమ్ము వెంటనే తిరిగివచ్చిన మొదటి అనుభవం, టెలిగ్రామ్ గుంపులో మెచ్చుకోళ్ళు ఇవేవీ జవాబులు కావు. బకెట్ షాపు కూడా చిన్న గెలుపులు వెంటనే చెల్లించేది. అదే దాని ప్రకటన.

ఇక మా అబ్బాయి సంగతి. నేను మూడు రోజులు తీరికగా చదివినాను అన్నాను కదా. నాలుగవ నాడు ఉదయం ఫోను చేసి, "నాయనా, అవతల ఆడుతున్నది ఆ కంపెనీయే. సొమ్ము వెనక్కు తీసుకో" అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. "మాస్టారూ, బోనసు గడువు మొన్నటితో అయిపోతుందన్నారు. ఆవిడ గాజులు తాకట్టు పెట్టి రెండు లక్షలు వేసినాను" అన్నాడు. సొమ్ము వెనక్కు అడిగితే, ముందుగా పన్ను పేరిట పద్దెనిమిది వేలు కట్టమన్నారు. వద్దన్నాను. కట్టినాడు. తరువాత జవాబు లేదు. 1930 నంబరుకు ఫిర్యాదు చేయమన్నప్పుడు అతడి భయం మరొకటి: అసలు తాను చేసినదే నిబంధనలకు విరుద్ధం కదా, తననే పట్టుకొంటే? చివరికి చేసినాడు. ఇప్పటికి ఒక్క రూపాయి తిరిగి రాలేదు. గాజులు విడిపించటానికి ప్రతినెలా కొంత కడుతున్నాడు. ఇంట్లో ఈ సంగతి ఆమెకు ఎలా చెప్పినాడో నేను అడుగలేదు.

నా మనసులో నిలిచిపోయినది ఆ మూడు రోజులు. నలభై పుటలూ అక్షరం వదలకుండా చదవాలన్న నా పట్టుదల వలన ఆలస్యమైనది. మొదటి నాడే అరుగు మీద కూర్చున్నప్పుడు, "అవతల ఎవరు ఆడుతున్నారు?" అని ఒక్క ప్రశ్న అడిగి, తెలియదంటే ఆగమని చెప్పి ఉండవలసింది. ధర్మరాజు అడిగి వినలేదు. నేను అడగనే లేదు.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఎవరైనా ఫోను చేతిలో పెట్టి ఈ మాట అడిగితే, నావలె నిఘంటువు కోసం లేవకండి. ముందు ఆ ప్రశ్న అడగండి. తక్కినది తరువాత చదువుకోవచ్చును.

ఉంటాను.